రెండడుగులు జరిపిన స్తంభం

ఫిబ్రవరి 3, సోమవారం

‘కళ్ళకు కట్టినట్టు’ అని జనం ఊరికే అంటుంటారు. ఈ రోజు నా కళ్ళకు నిజంగానే కట్టారు.

క్రేన్ దిగాక నేను పాఠాలు చెబుతున్న ట్రైనింగ్ సెంటరులో పాత తాళ్ళూ హెల్మెట్లూ పడేసే వెనక గదిని ఖాళీ చేయించారు. ఒక కంప్యూటరు, ఒక కుర్చీ, చుట్టూ నేల మీద పసుపు పట్టీ. పట్టీ దాటితే గోడకు గుద్దుకుంటారట. ఇదంతా పెట్టడానికి వేరే కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. ఈత కొట్టేవాళ్ళ కళ్ళద్దాలకు పెద్దన్నలా ఉన్న నల్ల పెట్టెను నా మొహానికి ఆనించి, వెనకాల పట్టీ బిగించింది.

గది పోయింది. రెండు మేడల మధ్య వేసిన సన్నటి చెక్క మీద ఉన్నాను. కింద బొమ్మకార్లంత కార్లు. అరవై మీటర్ల ఎత్తున క్రేన్ క్యాబిన్‌లో ఇరవై రెండేళ్ళు కూర్చున్నవాణ్ణి, గచ్చు నేల మీద నిలబడి కుర్చీ కోసం తడుముకున్నాను. ఆ పిల్ల నవ్వలేదు. మంచిది.

“దీన్ని వర్చువల్ రియాలిటీ అంటారు సార్. ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ, కాస్త తేడాగా చూపిస్తాం. ఆ తేడానే మెదడు లోతు అనుకుంటుంది. మీరు తల ఎటు తిప్పితే బొమ్మ అటు తిరుగుతుంది. అంతే కిటుకు.”

“అది అబద్ధమని తెలుసు కదా, మరి మోకాళ్ళు ఎందుకు వణికాయి?”

“మీకు తెలుసు. మీ మోకాళ్ళకు తెలీదు.”

ఆపరేషన్లు చేసే డాక్టర్లు ముందు దీంట్లోనే సాధన చేస్తారట. మంటలార్పేవాళ్ళు నిప్పు లేకుండానే నిప్పులోకి వెళ్ళొస్తారట. కాలిన గాయాలకు కట్లు మార్చేటప్పుడు రోగికి ఇది తగిలించి మంచు కొండలు చూపిస్తే నొప్పి సగం మరిచిపోతాడట. ఎత్తంటే భయపడేవాళ్ళను రోజుకో మెట్టు చొప్పున ఎక్కించి భయం పోగొడతారట. “చచ్చే ప్రమాదం లేకుండా తప్పు చేసి నేర్చుకోవచ్చు సార్, అదీ దీని గొప్ప,” అంది.

సార్ అనొద్దన్నాను. బాబాయ్ గారూ అంటోంది.

ఫిబ్రవరి 4

మోకాళ్ళ నొప్పి. క్రేన్ ఎక్కడం మానేయడానికి నేనిచ్చిన కాగితంలో ఉన్నది అబద్ధమేమీ కాదు.

ఫిబ్రవరి 10, సోమవారం

సేఫ్టీ ఆఫీసరు పిలిచాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, మర్యాదస్థుడు.

“ఆ పెట్టెలో ఎక్కడో జరిగిన ప్రమాదం చూపిస్తే మనవాళ్ళు సినిమా చూసినట్టు చూసి వెళ్ళిపోతారండీ. మన సైటులో జరిగిందే పెడదాం. గుండెకు తగులుతుంది. ఆ రోజు క్యాబిన్‌లో ఉన్నది మీరే, మీరు చెప్తేనే అది సరిగ్గా వస్తుంది. మీకు కష్టమనుకుంటే వద్దు.”

“కష్టమేముంది?” అన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. చెప్పకుండా ఎలా? పోయినవాడు ఆమె తమ్ముడు. తల్లి పోయాక పెంచింది తనే. ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చేతిలో ఉన్న చొక్కా అలాగే ఉండిపోయింది.

“మావాడు పడిపోయింది బొమ్మలో చూపిస్తారా?”

“పడడం చూపించరు. అంతకు ముందు ఆపేస్తారట. ఇంకొకడు పడకూడదని.”

ఆ చొక్కా మడతపెట్టేసి అంది. “అయితే చూపించండి. సైగలు చేసే ఆ జెండాగాడు చేసిన పని నలుగురూ చూడాలి.”

ఫిబ్రవరి 13, గురువారం

అమ్మాయి అడుగుతూ పోయింది, నేను చెబుతూ పోయాను. ఎంక్వయిరీలో చెప్పిందే.

పద్నాలుగు నెలల కిందట. తొమ్మిదో అంతస్తు. గోడలింకా లేవలేదు, స్లాబూ స్తంభాలే. సాయంత్రం నాలుగున్నర. ఇనుప చువ్వల కట్టను పైకి లేపి ఆ అంతస్తు మీద దించాలి. కట్ట తిరక్కుండా దాని తోక తాడు పట్టుకుని అంచు దగ్గర నిలబడ్డది నా బావమరిది. ఆరడుగుల రెండంగుళాలు, సైటులో అందరూ పొడుగు అనేవాళ్ళు. నాకు సైగలు చేసేవాడు ఆ అంతస్తు మీదే ఇంకో మూల ఉన్నాడు. అసలు పేరు మస్టరులో తప్ప ఎక్కడా వినపడదు, జెండా అనే పిలుస్తాం. పచ్చది ఊపితే కదిలించాలి, ఎర్రది ఎత్తితే ఉన్నపళంగా ఆపాలి. ఆ రోజు వాకీటాకీల చార్జింగు అయిపోయింది. జెండాలే దిక్కు.

గాలి తోసింది, కట్ట ఊగింది, పొడుగును తాకింది. వాడు అటు జరగడానికి బెల్టు కొక్కెం అప్పుడే విప్పాడు.

జెండా ఎర్రది ఎత్తానన్నాడు. నాకు కనపడలేదన్నాను. మధ్యలో మూల స్తంభం అడ్డం. సైగలు చేసేవాడు ఆపరేటరుకు కనపడే చోటే నిలబడాలి, అది మొదటి రూలు. అందుకని తప్పు వాడిదని తేలింది. సైగల పనికి ఇచ్చే లైసెన్సు కార్డు రద్దు చేశారు. పొడుగు లేడు, మిగిలింది మేమిద్దరం. క్రేన్ అప్పటికే విప్పి ఇంకో సైటుకు పంపేశారు. ఇరవై రెండేళ్ళు మచ్చ లేకుండా చేసినవాడి మాట నమ్మారు.

అమ్మాయి అంతా రాసుకుంది. “డ్రాయింగులు ఆఫీసులో తీసుకుంటాను బాబాయ్ గారూ. అంగుళం తేడా లేకుండా కడతాను,” అంది.

ఫిబ్రవరి 19, బుధవారం

క్యాబిన్‌లో కూర్చున్నాను. అంటే, ఆ కుర్చీలో.

ఎంత బాగా చేసింది! అద్దం మీద తుడుపు మరక దగ్గర్నుంచి ఉంది. కుడి చేతి కింద కర్ర, ఎడమ చేతి కింద కర్ర. ఎదురుగా తొమ్మిదో అంతస్తు. అంచు దగ్గర తాడు పట్టుకుని ఒక పొడుగాటి బొమ్మ. మొహం పెట్టలేదు, నేనే వద్దన్నాను. అయినా నిలబడ్డ తీరు వాడిదే. ఎలా వచ్చిందో.

ఇంకో మూల ఇంకో బొమ్మ. చేతిలో ఎర్ర జెండా. తల నుంచి కాళ్ళ దాకా.

“బాబాయ్ గారూ,” అమ్మాయి గొంతు ఎక్కడో బయటి నుంచి వచ్చింది, “మీరు స్తంభం అడ్డమన్నారు. డ్రాయింగులో కొలతలు వేస్తే అడ్డం రావట్లేదు. బాగా వెనక్కి వాలితే కొంచెం వస్తోంది, అంతే. మూడుసార్లు చూశాను.”

వెనక్కి వాలి చూశాను, మళ్ళీ ముందుకొచ్చాను.

“సైటులో కట్టేటప్పుడు ఒక్కోసారి అటూ ఇటూ అవుతుందంటారు కదా. అలా ఏమైనా అయిందా? జరపమంటారా?”

“అయింది,” అన్నాను. “జరుపు.”

ఏదో నొక్కింది. పై అంతస్తుల బరువు మోయాల్సిన స్తంభం చప్పుడు లేకుండా రెండడుగులు పక్కకు జరిగింది. జెండా కనపడకుండా పోయాడు.

“ఇప్పుడు సరిపోయిందా?”

“సరిపోయింది.”

ఫిబ్రవరి 20

స్తంభం అడ్డమే. కట్టేటప్పుడు మారి ఉంటుంది. డ్రాయింగు ప్రకారం ఏ మేడ కట్టారు గనక?

ఫిబ్రవరి 22

స్తంభం అడ్డమే.

మార్చి 3, సోమవారం

మొదటి బ్యాచ్. పన్నెండు మంది. ఒక్కొక్కళ్ళే కూర్చున్నారు, ఒక్కొక్కళ్ళే చెమటలు కక్కుతూ లేచారు. ఒకడు పట్టీ విప్పాక కూడా ‘ఆపండి, ఆపండి’ అంటూనే ఉన్నాడు. అలవాటుగా ఆకతాయి మాటలు మాట్లాడే బ్యాచ్, గది బయట టీ సగం తాగి పెట్టేశారు.

చివర్న నేను పాఠం చెప్పాలి. “చూశారుగా. సైగలు చేసేవాడు స్తంభం చాటున నిలబడితే ఏమవుతుందో.” తలలూపారు. రాసుకున్నారు.

ఆఫీసరు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. “పుస్తకంలో వందసార్లు చదివినా రానిది ఇందులో ఒక్కసారికే వచ్చిందండీ,” అన్నాడు.

ఇది మంచి పనే. ఇంకొకడు పడడు.

మార్చి 6, గురువారం

జెండా వచ్చాడు.

వస్తాడని ఎవరూ చెప్పలేదు. రద్దయిన కార్డు మళ్ళీ కావాలంటే ఇక్కడ తిరిగి ట్రైనింగ్ చేయాలి. ఇన్నాళ్ళూ ఏదో గోదాము గేటు దగ్గర కాపలా ఉంటున్నాడట. చిక్కిపోయాడు. చొక్కా ఇస్త్రీ చేసి వేసుకొచ్చాడు, కొత్తగా పనిలో చేరేవాడిలా.

“బాగున్నావా గురూ?” అన్నాడు. ఎప్పుడూ అలాగే పిలిచేవాడు. పద్నాలుగు నెలల్లో వాడు నన్ను ఒక్క మాట అనలేదు, ఆ రోజు కూడా.

ఆఫీసరు వాణ్ణి కుర్చీలో కాదు, నేల మీద జెండా బొమ్మ ఉండే చోటే నిలబెట్టమన్నాడు. “ఎక్కడ పొరపాటు జరిగిందో మీరే చూసుకోండి,” అన్నాడు. చెడ్డగా అనలేదు. పాఠం చెప్పినట్టే అన్నాడు.

పట్టీ బిగించారు. వాడు తల అటూ ఇటూ తిప్పాడు. తర్వాత ఎడమ చెయ్యి చాచి గాల్లో తడిమాడు. మళ్ళీ తడిమాడు. కళ్ళు మూసుకున్నవాడు గోడ కోసం వెతికినట్టు.

“స్తంభం ఇక్కడ కాదు,” అన్నాడు.

ఆఫీసరు కాగితాల మీంచి తలెత్తాడు.

“స్తంభం నాకు ఎడమ పక్కన, చెయ్యి చాపితే అందేది. మంచినీళ్ళ సీసా దాని మొదట్లో పెట్టుకునేవాణ్ణి. ఇదేంటి, నా ముందుకొచ్చింది?” పెట్టె పైకెత్తి చూశాడు. వాడి చూపు మొదట అమ్మాయి మీద పడింది, తర్వాత నా మీద. “గురూ, నువ్వు చెప్పు. నాకు మతి తప్పిందా? ఎక్కడుండేది స్తంభం?”

అమ్మాయి నా వైపే చూస్తోంది.

“అక్కడే,” అన్నాను. “ఇప్పుడు చూపించిన చోటే.”

వాడు కాసేపు తన చేతి వంక చూసుకున్నాడు. తర్వాత తలూపాడు. నిజంగానే ఒప్పుకున్నట్టు తలూపాడు. పెట్టెను జాగ్రత్తగా కుర్చీలో పెట్టి, కాగితాల మీద సంతకం కూడా చేయకుండా వెళ్ళిపోయాడు.

మార్చి 7

సెలవు పెట్టాను. మోకాళ్ళు.

మార్చి 9, ఆదివారం

మా ఆవిడ మార్కెట్టుకు వెళ్ళింది. ఇంట్లో ఎవరూ లేరు. ఇక్కడ రాస్తే ఎవరూ చూడరు.

నాకు కనపడింది.

ఎర్ర జెండా కనపడింది. స్తంభం అడ్డం లేదు. ఎత్తిన చెయ్యి, దాని కింద వాడి నోరు తెరుచుకోవడం కూడా కనపడింది.

జెండాకు అతిజాగ్రత్త. ఆకు కదిలితే ఎర్రది ఎత్తేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం, ఎర్రరంగు మీద మోజని. పొడుగే ఎక్కువ నవ్వేవాడు. ఆ రోజు పొద్దున్నించీ అప్పటికే నాలుగుసార్లు ఆపించాడు, నాలుగుసార్లూ ఏమీ కాలేదు. ఇంకా మూడు కట్టలున్నాయి, ఆరింటికి షిఫ్టు అయిపోతుంది. ఈ ఒక్కటీ దించేసి ఆపుదాంలే అనుకున్నాను. అనుకున్నానని కూడా అనలేను. చెయ్యి ఆగలేదు, అంతే.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంతసేపు.

నాలుగోదానికి పొడుగు తల పైకెత్తి క్యాబిన్ వైపు చూశాడు. చెయ్యి ఎత్తాడు. ‘రా బావా, దించు’ అంటున్నాడనుకున్నాను. ఆపమన్నాడేమో. ఇప్పుడు ఎవరు చెప్తారు?

కిందికి దిగే నిచ్చెన మీద ఉండగానే స్తంభం సంగతి తట్టింది. దిగడానికి పదిహేను నిమిషాలు పట్టింది. నేల మీద కాలు పెట్టేసరికి అది నిజమైపోయింది.

మార్చి 10, సోమవారం

పొద్దున్నే సెంటరుకు వెళ్ళాను. అమ్మాయి ఒక్కతే ఉంది. నేను నోరు తెరవక ముందే అంది.

“పాత ఫైలు నా దగ్గరుంది బాబాయ్ గారూ. డ్రాయింగు ప్రకారం చేసింది. తీసెయ్యలేదు.”

“ఎందుకు తీసెయ్యలేదు?”

“ఏమో. తీసెయ్యబుద్ధి కాలేదు.” మౌస్ పక్కకు తోసి, “మీరు చెప్పారని జరిపాను. మర్నాడే సైటుకు పోయి టేపు పెట్టి కొలవాల్సింది. ఆయన అలా చెయ్యి చాపి తడుముతుంటే నాకు ఏడుపొచ్చింది,” అంది.

“కొలవక్కర్లేదు తల్లీ. డ్రాయింగే కరెక్టు. ఆఫీసులో చెప్తాను. ముందు ఇంట్లో చెప్పాలి.”

సాయంత్రం చెప్పాను. వంటగది గుమ్మంలో నిలబడే చెప్పాను, కూర్చుంటే లేచి వెళ్ళిపోతానేమోనని. మా ఆవిడ స్టవ్ కట్టేసింది. వెనక్కి తిరగలేదు.

“ఎంతసేపు?” అంది.

“నాలుగు లెక్కపెట్టేంత.”

“ఒకటి,” అంది. ఊపిరి తీసుకుంది. “రెండు.” ఆమె అంత నిదానంగా లెక్కపెట్టడం ఎప్పుడూ వినలేదు. “మూడు... నాలుగు.”

కుళాయి కింద గిన్నె నిండి పొర్లుతోంది. ఇద్దరమూ కట్టలేదు.

“చాలా సేపండీ అది,” అంది.

మార్చి 11

ఆమె మాట్లాడలేదు. అన్నం పెట్టింది.

మార్చి 13, గురువారం

రాసిచ్చాను. రెండు పేజీలు. ఆఫీసరు చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“దీని తర్వాత ఏం జరుగుతుందో తెలుసా మీకు? ఎంక్వయిరీ మళ్ళీ తెరుస్తారు. కేసు కూడా కావచ్చు.”

“తెలుసు.”

“ఇన్నాళ్ళూ ఎలా ఉన్నారండీ?”

బాగానే ఉన్నాను, అదే కదా సిగ్గు. అన్నం తిన్నాను, పాఠాలు చెప్పాను. ఆ మాట పైకి అనలేదు.

నా కార్డు అక్కడే తీసుకున్నారు. ప్లాస్టిక్ ముక్క, వెనకాల గీతలు పడి ఉంది. జేబు తేలికైంది. ఇంకేమీ తేలిక కాలేదు.

అక్కణ్ణించి గోదాముకు వెళ్ళాను. జెండా గేటు పక్కన స్టూలు మీద కూర్చుని లారీ నంబర్లు రాస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు. చెప్పాను. ఒకే వాక్యంలో చెప్పాను. ఎర్రది ఎత్తావు, చూశాను, ఆపలేదు, ఆఫీసులో రాసిచ్చాను.

పుస్తకం మూశాడు.

“క్షమించమని అడగడానికి వచ్చావా?”

“లేదు. నోటితో చెప్పడానికి.”

“ఎర్రది ఎత్తానా లేదా అని నాకే అనుమానం వచ్చేసింది, తెలుసా? నువ్వు అబద్ధం చెప్పేవాడివి కాదు కదా. మరి నేనే చెప్తున్నానేమో అనుకున్నాను. ఎత్తలేదేమో, ఎత్తాననుకున్నానేమో. మా ఇంట్లో అద్దం ముందు నిలబడి చెయ్యి ఎత్తి చూసుకునేవాణ్ణి. మొన్న ఆ పెట్టెలో చూశాక ఇక ఖాయం చేసుకున్నాను, నేనే చంపానని.” గొంతు పెంచలేదు. “ఉద్యోగం పోతే పోయింది. నా చేతిని నేను నమ్మకుండా చేశావు చూడు...”

లారీ ఒకటి వచ్చి హారన్ కొట్టింది. వాడు లేచి గేటు తీశాడు. లారీ లోపలికెళ్ళాక గేటు మూశాడు. నేను బయటే ఉన్నాను. మళ్ళీ నా వైపు చూడలేదు.

మార్చి 19, బుధవారం

జెండా కార్డు తిరిగి ఇస్తున్నారని అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. స్తంభాన్ని దాని చోట పెట్టేసిందట. పాఠం కూడా మారిందట. ఇప్పుడు కూర్చున్నవాళ్ళకు ఎర్ర జెండా పూర్తిగా కనపడుతుందట. ఆపుతారా లేదా అన్నదే పరీక్ష.

“ఈ బ్యాచ్‌లో పదకొండు మందిలో ముగ్గురు ఆపలేదు బాబాయ్ గారూ. కనపడ్డా ఆపలేదు. బయటికొచ్చి అడిగితే కనపడలేదన్నారు.”

మార్చి 23, ఆదివారం

పొద్దున్న మా ఆవిడ చీర మార్చుకుని వచ్చి నిలబడింది. “పదండి. మరదలికి నేను చెప్పను. మీరే చెప్పాలి,” అంది. పదమూడు రోజుల తర్వాత నాతో అన్న పూర్తి మాట అదే.

పొడుగు భార్య కుట్టుమిషను ముందు ఉంది. పాఠశాల యూనిఫారాలు కుడుతోంది, నేల నిండా నీలం గుడ్డ ముక్కలు. “రా వదినా, రండి అన్నయ్యా,” అని కుర్చీ మీద బట్టలు తీయబోయింది. నేను కూర్చోలేదు. చెప్పాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె చేతిలో సగం కుట్టిన చొక్కా చెయ్యి ఉంది. దాని అంచును వేలితో గీస్తూ ఉండిపోయింది.

“జెండా వాళ్ళు ఈ పక్క వీధిలోనే ఉంటారు అన్నయ్యా,” అంది చివరికి. “వాళ్ళావిడ మొదట్లో రెండుసార్లు మా గుమ్మం దాకా వచ్చింది. తలుపు వేసేశాను మొహం మీద. కుళాయి దగ్గర కనపడితే నా బిందె తీసుకుని వెళ్ళిపోయేదాన్ని. మొగుణ్ణి మింగినవాడి పెళ్ళామని అందరి ముందూ అన్నాను. ఒకసారి కాదు. ఆవిడ తల వంచుకుని నిలబడేది. నాతో ఎంత పని చేయించారు అన్నయ్యా!”



ఆమె లేచింది. ఒళ్ళో దారప్పోగులు దులుపుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే నేనూ కదిలాను.

“మీరు రాకండి. ఇది నేను అన్న మాట. నేనే వెనక్కి తీసుకోవాలి.”

మెట్లు దిగి వీధి మలుపు తిరిగింది. నేను మెట్ల మీద కూర్చున్నాను. కాసేపటికి మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది, నాకు రెండు మెట్లు పైన. లోపల మిషను మీద యూనిఫారం అలాగే ఉంది, సూది గుడ్డలో దిగి. ఎదురింటి వాళ్ళు తలుపు తెరిచి మమ్మల్ని చూసి మళ్ళీ వేసుకున్నారు. ఎండ మెట్టు మెట్టుగా పైకెక్కింది.

“వెళ్దామా?” అని అడగబోయాను.

“తనని రానివ్వండి,” అంది.

కూర్చున్నాం.